నెట్ పోయి వస్తున్న ఇళ్ళవారికి మా మాట

తెనాలిలో మా దగ్గర ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్న వారందరికీ నమస్కారం.

ఎండలు ముదిరినప్పటి నుంచి మా ఆఫీసుకు వస్తున్న ఫోన్లలో ఎక్కువగా వినిపిస్తున్న మాట ఒక్కటే: "నెట్ పోయి వస్తోంది." పూర్తిగా పోతే మాకు పని సులువు. తీగ ఎక్కడ తెగిందో వెతికి అతుకుతాం. పోయిన పది నిమిషాలకు దానంతటదే తిరిగి వచ్చే నెట్‌తోనే అసలు చిక్కు. మా కుర్రవాడు మీ ఇంటికి చేరేసరికి అన్నీ చక్కగా పనిచేస్తుంటాయి. రౌటర్‌ను ఒకసారి ఆపి, మళ్ళీ వేసి, "ఇప్పుడు బాగానే ఉందండీ" అని వచ్చేస్తాడు. సాయంత్రానికి కథ మళ్ళీ మొదటికి వస్తుంది. పిల్లవాడి ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోయినా, అమెరికాలో ఉన్న కూతురితో వీడియో కాల్ తెగిపోయినా ఆ బాధ చిన్నది కాదని నాకు తెలుసు. అందుకే ఈ నెల నుంచి ఈ ఫిర్యాదులను చూసే పద్ధతి మారుస్తున్నాం.

ఇకమీదట మీరు ఫోన్ చేయగానే మా వాళ్ళు "రౌటర్ ఆపి, మళ్ళీ వేయండి" అనరు. ఆపి మళ్ళీ వేస్తే లోపం కాసేపు మరుగున పడుతుంది, దాని జాడ కూడా చెరిగిపోతుంది. చాలా రౌటర్లలో ఏ క్షణాన ఏం జరిగిందో రాసుకునే చిట్టా ఉంటుంది. కరెంటు తీయగానే అది చాలావరకు తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి మా వాళ్ళు ముందు మూడు సంగతులు అడుగుతారు. నెట్ పోయినప్పుడు రౌటర్ పెట్టె మీద ఏ లైట్లు వెలుగుతున్నాయి? ఇంట్లో అందరికీ పోయిందా, ఒక్క ఫోనుకేనా? రోజులో ఏ వేళకు, ఇంట్లో ఏ పని జరుగుతున్నప్పుడు పోతోంది? ఈ మూడింటికి జవాబు దొరికితే సగం పని ఫోన్లోనే అయిపోతుంది.

ముందు లైట్ల సంగతి. అన్ని లైట్లూ ఒక్కసారిగా ఆరి, మళ్ళీ ఒక్కొక్కటే వెలుగుతూ రెండు మూడు నిమిషాల తర్వాత నెట్ వస్తే, తీగలో లోపం లేదు, వైఫైలోనూ లేదు. పెట్టెకు కరెంటు సరిగా అందడం లేదు. ఎండాకాలంలో ఇది చాలా ఎక్కువ. గోడ ప్లగ్గులో పెట్టే నల్లటి అడాప్టర్ లోపల కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్ళ తరబడి వేడి తగిలితే అవి ఎండిపోతాయి. అడాప్టర్ మీద 12 వోల్టులు అని రాసి ఉన్నా, భారం పడినప్పుడు అంత ఇవ్వలేదు. ఇంట్లో ఎవరూ వాడనప్పుడు రౌటర్‌కు కావలసిన కరెంటు తక్కువ కాబట్టి నెట్టుకొస్తుంది. నలుగురూ ఒకేసారి వీడియోలు పెట్టగానే కుప్పకూలి మళ్ళీ మొదటి నుంచి లేస్తుంది. మారీసుపేటలో ఒక ఇంట్లో రోజూ ఉదయం నీళ్ళ మోటారు వేయగానే నెట్ పోయేది. మోటారు మొదలయ్యే క్షణంలో వోల్టేజి కాస్త పడిపోతుంది. ఫ్యాన్లు, టీవీ దాన్ని తట్టుకునేవి, ముసలిదైపోయిన అడాప్టర్ తట్టుకోలేకపోయేది. అడాప్టర్ మారిస్తే సరిపోయింది. ఆ ఇంటివారు కొత్త రౌటర్ కొనడానికి సిద్ధపడ్డారు.

పాత సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పిన్ను సరిపోయింది కదా అని రౌటర్‌కు పెట్టకండి. పిన్ను ఒకటే అయినా వోల్టులు వేరుగా ఉండవచ్చు. వోల్టులు ఎక్కువైతే పెట్టె కాలిపోవచ్చు. ఆంపియర్లు తక్కువైతే ఇదే పోయి వచ్చే జబ్బు పట్టుకుంటుంది. పాత అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులే కొత్తదాని మీదా ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, ఎక్కువైనా ఇబ్బంది లేదు. కరెంటు కోతలప్పుడు పనికొచ్చే చిన్న యూపీఎస్ కొనేవారు కూడా ఈ రెండు అంకెలూ చూసి కొనండి. రౌటర్‌ను, సెట్‌టాప్ బాక్సును ఒకదాని మీద ఒకటి పెట్టి టీవీ కింద అద్దాల అరలో మూసి ఉంచే ఇళ్ళు చాలా ఉన్నాయి. మే నెలలో ఆ అరలో చెయ్యి పెట్టి చూడండి. అందులో ఏ అడాప్టరూ ఎక్కువ కాలం బతకదు.

పవర్ లైటు నిలకడగానే ఉండి, ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా మెరుస్తున్నా, పాన్ అనే పచ్చ లైటు ఆరి వెలుగుతున్నా అది తీగ లోపం. అది మా పని, దానికి మీరు పైసా ఇవ్వనక్కర లేదు. అయితే పోయి వచ్చే తీగ లోపాన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమో కొంచెం చెప్పాలి.

మీ ఇంటికి వచ్చేది గాజు తీగ. మా ఆఫీసులోని యంత్రం నుంచి బయలుదేరిన కాంతి దారిలో స్ప్లిటర్ల దగ్గర చీలి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచబడుతుంది. మీ పెట్టెకు చేరేసరికి ఎంత మిగిలిందో మా వాళ్ళు మీటరుతో కొలుస్తారు. వాళ్ళ నోట "మైనస్ ఇరవై, మైనస్ ఇరవై రెండు" అనే మాట మీరు వినే ఉంటారు. ఆ అంకె మూడు దిగితే కాంతి సగానికి పడిపోయినట్టు. మైనస్ 20 దగ్గర హాయిగా నడిచే కనెక్షన్ మైనస్ 27 దాటితే తడబడుతుంది, మరి కాస్త దిగితే తెగిపోతుంది. మైనస్ 26 దగ్గర ఊగిసలాడే ఇంట్లో ఎంత చిన్న కారణమైనా చాలు. గాలికి స్తంభం మీది తీగ ఊగినా, జాయింటు పెట్టెలోకి వాన చెమ్మ దిగినా, ఉడుత పైతొడుగు కొరికినా నెట్ పోతుంది, మళ్ళీ వస్తుంది. మా వాడు వచ్చే వేళకు గాలి తగ్గిపోయి ఉంటుంది.

ఇంటి లోపల కూడా ఇదే జరుగుతుంది. చెంచుపేటలో ఒకరికి రాత్రిళ్ళు మాత్రమే నెట్ పోయేది, పొద్దున్నే వచ్చేది. రాత్రి ఏసీ కోసం కిటికీ మూస్తే, రెక్క కింద తీగ నలిగి కాంతి తగ్గిపోయేది. తెల్లవారి కిటికీ తీస్తే మామూలే. గాజు తీగ తెగనక్కర లేదు, ఒక్కచోట గట్టిగా వంగితే చాలు, ఆ మలుపులో కాంతి బయటికి జారిపోతుంది. మిగిలిన తీగను మేకుకు ముడివేసి వేలాడదీయకండి. పిడికిలి కన్నా చిన్న చుట్టగా చుట్టకండి. చివర ఉన్న పచ్చ కనెక్టర్‌ను ఊడదీసి మళ్ళీ పెట్టడం కూడా వద్దు. కంటికి కనబడని దుమ్ము దాని మొన మీద పడితే, ఊదినా బట్టతో తుడిచినా పోదు, ఇంకా గీతలు పడతాయి. ఊడిన తీగ మొనలోకి కన్ను పెట్టి చూడవద్దని ఇంట్లో పిల్లలకు తప్పక చెప్పండి. అందులో వచ్చే కాంతి కంటికి కనబడదు, అయినా కంటికి మంచిది కాదు.

ఇక మీ పెట్టెకు ఎంత కాంతి అందుతోందో మా ఆఫీసు నుంచే చూసే వీలు ఉంది. ఇప్పటి వరకు ఫిర్యాదు వచ్చినప్పుడే చూసేవాళ్ళం. ఇకమీదట ప్రతి రాత్రీ అన్ని పెట్టెల అంకెలూ తీసుకుని, మైనస్ 25 దాటిన ఇళ్ళకు మీరు ఫోన్ చేయకముందే మనిషిని పంపుతాం. వానలు మొదలయ్యేలోగా బలహీనంగా ఉన్న జాయింట్లు మళ్ళీ అతకాలని పని పెట్టుకున్నాం. ఐతానగర్ వైపు కొన్ని వీధుల్లో ఈ పని వల్ల మధ్యాహ్నం వేళ నెట్ కాసేపు ఆగుతుంది. ముందు రోజే సందేశం పంపుతాం.

లైట్లన్నీ సవ్యంగా ఉండి ఫోన్లో మాత్రం నెట్ తిరుగుతూ ఉండిపోతే, లోపం మీ ఇంటి గాలిలో ఉంది. ఈ మాట చెబితే కొందరు "తప్పించుకుంటున్నారు" అనుకుంటారు. పరీక్షించడం తేలిక. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలపండి. కేబుల్ మీద ఆగకుండా నడిచి వైఫైలో మాత్రమే ఆగుతుంటే అది వైఫై సంగతే. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికి ఇంకా మంచి మార్గం ఉంది. కంప్యూటర్‌లో ఆదేశాలు టైపు చేసే విండోలు (కమాండ్ ప్రాంప్ట్) రెండు తెరిచి, అవతలి యంత్రం పలుకుతోందా అని అడిగే పింగ్ ఆదేశం పెట్టండి, ఒకటి రౌటర్ చిరునామాకు, రెండోది బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ చిరునామా 8.8.8.8కు. రౌటర్ చిరునామా చాలా ఇళ్ళలో 192.168.1.1. రౌటర్ నుంచి జవాబులు తప్పిపోతుంటే ఇంట్లో లోపం. రౌటర్ సరిగా పలుకుతూ రెండోది తప్పిపోతుంటే లోపం మా వైపు. ఆ తెర ఫొటో పంపితే ఇక మేము మిమ్మల్ని ఏమీ అడగం.

మన ఊరి ఇళ్ళలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, ఇనుప ఊచల స్లాబులు, నిలువుటద్దం బిగించిన ఇనుప బీరువాలు ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ అలాంటి గోడలు రెండు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ ఇంకా దూరం వెళుతుంది, వేగం తక్కువ. రెండింటికీ ఒకే పేరు ఉన్నప్పుడు, హాల్లో 5 పట్టుకున్న ఫోను వెనక గదిలోకి వెళ్ళినా దాన్ని వదలకుండా వేలాడుతుంది. అది వదిలి ఇది పట్టుకునే ఆ కాసేపే మీ కాల్ తెగిపోవడం. దూరపు గదిలో పనిచేసుకునేవారు రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టించుకోండి, ఫోన్లోనే మార్చి ఇస్తాం.

అపార్టుమెంట్లలో మరో బాధ ఉంది. 2.4లో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. ఇరవై ఫ్లాట్ల రౌటర్లు ఆ మూడింట్లో సర్దుకోవాలి. పెళ్ళిపందిట్లో పక్క మనిషి మాట వినబడక మళ్ళీ మళ్ళీ అడిగినట్టు, రౌటర్లు పంపిందే మళ్ళీ పంపుతూ ఉంటాయి. రౌటర్‌లో ఛానెల్ వెడల్పు 40 అని పెట్టి ఉంటే ఈ రద్దీ ఇంకా పెరుగుతుంది, 20కి తగ్గించాలి. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది. అది నడుస్తున్నంతసేపే నెట్ ఆగుతుంటే కారణం అదే.

అన్నిటికన్నా మమ్మల్ని ఎక్కువ తిప్పేది రెండో రౌటర్. మేడ మీదికి సిగ్నల్ అందడం లేదని ఆన్‌లైన్‌లో ఇంకొకటి కొని, మా పెట్టె నుంచి కేబుల్ లాగి దాని ల్యాన్ రంధ్రంలో పెడతారు. ఇంట్లో ప్రతి ఫోనుకూ ఒక చిరునామా ఇచ్చే పని రౌటర్‌ది. ఇప్పుడు ఇచ్చేవి రెండయ్యాయి. మా పెట్టె చిరునామా ఇచ్చిన ఫోనుకు నెట్ వస్తుంది. రెండోది ఇచ్చిన ఫోనుకు సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, నెట్ మాత్రం రాదు. ఫోనులో వైఫై ఆపి మళ్ళీ వేస్తే అదృష్టాన్ని బట్టి వస్తుంది. "ఆయన ఫోనులో వస్తోంది, నా ఫోనులో రావడం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. రెండో రౌటర్‌ను వైఫై సిగ్నల్ మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాలి, లేదా అందులో చిరునామాలు ఇచ్చే డీహెచ్‌సీపీని ఆపాలి. ఎక్కడ కొన్నదైనా సరే, ఫోన్ చేయండి, దగ్గరుండి చేయిస్తాం. ప్లగ్గులో గుచ్చే రిపీటర్లలో చౌకరకాలు ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేస్తాయి కాబట్టి వేగం సుమారు సగానికి పడుతుంది. వీలున్న ఇంట్లో మేడ మీదికి కేబుల్ లాగించుకోవడమే నా సలహా. ఒకసారి ఖర్చు, తర్వాత ఏళ్ళ తరబడి నిశ్చింత.

మా వైపు మిగిలిన సంగతి ఒకటి ఉంది. అన్ని లైట్లూ బాగుండి, కేబుల్ మీద కూడా రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య మందగిస్తే, అది ఊరికి వచ్చే పెద్ద లైను మీది రద్దీ. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి అది ఇంకా పెరుగుతుంది. ఆ వేళల్లో వచ్చే ఫిర్యాదులు ఏ వీధి నుంచి వచ్చాయో విడిగా రాసి పెడుతున్నాం. పెద్ద లైను పెంచాలంటే మాకు నెలనెలా అయ్యే ఖర్చు పెరుగుతుంది. అయినా ఆ వీధుల చిట్టా చూసి పెంచుతాం, ఆ భారం మీ నెలవారీ బిల్లు మీద వేయం.

నెట్ పోయి వస్తోందని చెప్పినవారికి పెద్ద ప్లాను అమ్మవద్దని మా వాళ్ళకు గట్టిగా చెప్పాను. ప్లాను పెరిగితే మాకు ఆదాయమే. కానీ 100 ఎంబీపీఎస్ తెగిపోయే ఇంట్లో 300 కూడా తెగిపోతుంది. ముందు లోపం సరిచేసి, వారం రోజులు ఆగకుండా నడిచాక, ఇంకా వేగం కావాలని మీకే అనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

డబ్బు సంగతి కూడా స్పష్టంగా చెబుతున్నాను. బయటి తీగ, జాయింట్లు, మేము ఇచ్చిన పెట్టె, దాని అడాప్టర్ మా బాధ్యత. ఇంట్లో గోడల వెంట కేబుల్ లాగడానికి, మీరు కొన్న రౌటర్ మనిషి వచ్చి అమర్చడానికి కూలి ఉంటుంది. ఎంతో ముందే చెప్పి, మీరు సరేనన్నాకే పని మొదలుపెడతారు.

ఈసారి నెట్ పోగానే ఏదీ ఆపకుండా, పెట్టె లైట్లు కనబడేలా ఒక ఫొటో తీసి, టైము రాసి మా వాట్సాప్‌కు పంపండి. అడాప్టర్లు ఆఫీసులో సిద్ధంగా ఉన్నాయి. పాతది తెచ్చి ఇస్తే, దాని మీది అంకెలు చూసి అక్కడికక్కడే కొత్తది ఇస్తారు.