నల్లమల నడకదారిలో దూరంతో పాటు వేళ చెప్పే బోర్డులూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

మహాశివరాత్రికీ ఉగాదికీ ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నల్లమల అడవి గుండా శ్రీశైలానికి నడిచి వెళ్లే భక్తుల కోసం చలువ పందిళ్లు, మంచినీళ్లు, వైద్య శిబిరాలు ఏర్పాటు చేసినట్టు ఏటా వార్తలు చదువుతున్నాము. ఈ ఏర్పాట్లకు తోడుగా మరొకటి కావాలని, అదీ పెద్దగా ఖర్చులేనిదని అధికారుల దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఏ మజిలీ నుంచి ఏ వేళకు కదిలితే వెలుతురుండగానే కొండ దాటగలరో చెప్పేవారు ఈ దారిలో నాకు కనిపించలేదు.

భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి ఉగాదికి లక్షల్లో తరలివచ్చే కన్నడ భక్తులలో అధిక శాతం తరతరాలుగా ఈ దారి ఎరిగినవారే. నాగలూటి వీరభద్రుని దర్శించుకుని, రెడ్డి రాజుల కాలం నాటివని చెప్పే రాతిమెట్లు ఎక్కి, పెద్దచెరువు దగ్గర రాత్రి గడిపి మర్నాడు తెల్లవారుజామున బయలుదేరడం వారి అలవాటు. చిక్కల్లా ఒక్క రోజులోనే శ్రీశైలం చేరాలని పంతం పట్టి వచ్చే మన కుర్రవాళ్లతోనూ, వారిని చూసి ధైర్యం తెచ్చుకుని వెంట నడిచే కుటుంబాలతోనూ వస్తోంది. పెద్దచెరువు వరకు కాళ్లు బాగానే సాగుతాయి కనుక మిగతా దారీ అలాగే ఉంటుందనుకుంటారు.

నిజానికి ఈ దారిలో కష్టమంతా చివర్లోనే ఉంది. పెద్దచెరువు దాటాక కొంత దూరం చదునుగానే సాగిన బాట భీముని కొలను దగ్గర ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. అరిగి నున్నబడిన ఆ మెట్ల మీద ముందుకు తూలకుండా ఒక్కో అడుగూ ఆపుకుంటూ దిగేసరికి మోకాళ్లు వణుకుతాయి. ఆ వణుకు తగ్గకముందే ఎదురుగా కైలాసద్వారం వైపు నిట్టనిలువు ఎక్కుడు మొదలవుతుంది. ఉగాది నాటికి నల్లమలలో చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కనుక అడవి మధ్యలో ఉన్నా నెత్తిన నీడ ఉండదు. పొద్దంతా కాగిన బండలు సాయంత్రం దాకా సెగలు కక్కుతూనే ఉంటాయి. పైగా ఇప్పపూలు రాలే కాలం కావడంతో మునిమాపు వేళ ఎలుగుబంట్లు వాటి కోసం తిరుగుతాయి. అసలే అది పులుల అభయారణ్యం.

ఎదురొచ్చేవారిని ఇంకెంత దూరమని అడిగితే ‘దగ్గరికొచ్చేశారు, ఇంకో గంట’ అనే అంటారు. మెట్ల పైన అడిగినా, లోయలో అడిగినా అదే గంట. పాపం, వారు ధైర్యం చెప్పాలనే అలా అంటారు గానీ, ఆ మాట నమ్మి మిట్టమధ్యాహ్నం దాటాక చేతిలో సగం సీసా నీళ్లతో లోయలోకి దిగిన ముసలివారు, పిల్లలు నడిమధ్యలో కూలబడిపోవడం కళ్లారా చూశాను. అక్కడ సెల్‌ఫోనులో సిగ్నలూ ఉండదు, ఏ వాహనమూ రాదు. నడవలేనివారిని డోలీ కట్టి మోసుకురావడం తప్ప వేరే దారి లేదు.

భక్తికి గడియారంతో పనేమిటని కొందరు అనవచ్చు. తిరుమలలో 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక బాలిక బలైన తర్వాత, పిల్లలను మధ్యాహ్నం 2 గంటలు దాటాక నడకదారిలోకి అనుమతించకూడదని దేవస్థానం నిర్ణయించింది. దానివల్ల భక్తి తగ్గిందని ఎవరూ అనలేదు. దారి పొడవునా దీపాలు, కుళాయిలు, దుకాణాలు ఉన్న అలిపిరికే వేళ నియమం అవసరమైనప్పుడు, అవేవీ శాశ్వతంగా లేని నల్లమలకు అక్కరలేదనడం సమంజసం కాదు. ప్రాణం పోయేదాకా ఆగి అప్పుడు నిబంధన తేవడం మనకు అలవాటైపోయింది.

కనుక అటవీశాఖ, దేవస్థానం కలిసి నాగలూటిలోనూ పెద్దచెరువులోనూ పెద్ద బోర్డులు పెట్టి, తర్వాతి మజిలీకి మామూలు నడకన ఎన్ని గంటలు పడుతుందో, మధ్యలో నీళ్లు ఎక్కడ దొరుకుతాయో రాయించాలి. ఆ గంటలను పందెం కట్టి పరుగులు తీసే కుర్రవాళ్ల నడకతో కాకుండా అరవై ఏళ్ల మనిషి నడకతో లెక్కగట్టాలి. మధ్యాహ్నం ఒక వేళ దాటాక పెద్దచెరువు చేరినవారిని ముందుకు పంపకుండా ఆ రాత్రికి అక్కడే ఆపాలి. ఆపినవారికి పందిరి, భోజనం, వెలుతురు చూపించాలి, లేకపోతే ఎవరూ ఆగరు. ఆ వేళ ఏదన్నది నిర్ణయించేటప్పుడు ఈ అడవిని పుట్టినప్పటినుంచీ ఎరిగిన పెద్దచెరువు చెంచు పెద్దలను అడగడం మేలు. యాత్ర రోజుల్లో అక్కడ నిలబడి చెప్పే పని గూడెం యువకులకే కూలి ఇచ్చి అప్పగించవచ్చు. బోర్డులు తెలుగుతో పాటు కన్నడంలోనూ ఉండాలి. వచ్చే శివరాత్రికి అడవి దారి తెరిచే ముందే అవి నిలబడాలి.

ఇట్లు,
ఒక పాదయాత్రికుడు,
నంద్యాల