ముందు బాల్కనీలోంచి పిలిచి చూడు

చిన్నీ,

కుక్కపిల్లకు పెడదామని నువ్వు పంపిన పేర్లు చూశాను. జ్యూస్, ఓడిన్, థోర్, హేడిస్, రుద్ర, అగ్ని, యమ. పురాణాల్లోంచి తీసిన బలమైన పేరు కావాలన్నావు. అయితే ఈ ఏడింటినీ ముందు పైకి పలుకు. నీలా ఇంగ్లిష్ చదువుకున్న నోటితో కాదు, మీ అత్తగారు, పనమ్మాయి, వాచ్‌మన్ పలికినట్టు పలుకు. రోజంతా ఆ కుక్కను పిలిచేది వాళ్లే.

తెలుగు మాట సాధారణంగా హల్లు దగ్గర ఆగదు, చివర ఒక అచ్చును తగిలించుకుంటుంది. బస్ బస్సయింది, కార్ కారయింది. గ్రీకు దేవతల రాజు జ్యూస్ కూడా అలాగే జ్యూసు అవుతాడు. బత్తాయా, దానిమ్మా అని అడుగుతారు. ఓడిన్‌కు ఇంకా పెద్ద అన్యాయం జరుగుతుంది. ఉత్తర ఐరోపా దేవతలకు పెద్ద, యుద్ధాలకు అధిపతి, మన చెవికి మాత్రం 'ఓడిన'. గ్రీకుల పాతాళ రాజు హేడిస్‌లో 'హ' జారిపోతే మిగిలేది 'ఏడిస్'. మీ ఆయన 'లోకి' అనే పేరు చెప్పాడట కదా, ఓడిన్ కథల్లోని మాయగాడు, అదీ వద్దు. ఇంట్లోకి, గదిలోకి, సంచిలోకి అన్నప్పుడల్లా కుక్క తలెత్తి చూస్తుంది. వీటిలో నిలిచేది థోర్ ఒక్కటే. తోరూ అన్నా పాడవదు.

ఆ కథల్లోంచే కావాలంటే ఓడిన్‌ను వదిలేసి అతని తోడేళ్లను చూడు. వాటి పేర్లు గెరి, ఫ్రెకి. రెండింటికీ అర్థం ఆబగా తినేది అనే. ఓడిన్ తన భోజనం వాటికే పెట్టి తాను ద్రాక్షసారాతో సరిపెట్టుకుంటాడట. గెరి రెండక్షరాల పేరు, మొదట గట్టి 'గ', చివర అచ్చు. గెరీ! అని పిలిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

పేరును మనం ప్రథమా విభక్తిలో ఎంచుకుంటాం, పిలిచేది మాత్రం సంబోధనలో. భైరవ అని రాసుకుంటావు, భైరవా అని అరుస్తావు. వాలి వాలీ అవుతాడు, జటాయువు జటాయూ అవుతాడు. చివరి అచ్చు సాగుతుంది కాబట్టే మన పేర్లు దూరానికి బాగా అందుతాయి. అందుకని పేరును కాగితం మీద చూసి తేల్చకు. బాల్కనీలో నిలబడి పదిసార్లు, కాస్త కోపంగా కూడా పిలిచి చూడు. భీమ ఎంత మంచి పేరు! కానీ భీమా అని పిలిస్తే పాలసీ కట్టమన్నట్టుంటుంది. ధర్మా అన్నప్పుడు కింది అంతస్తు శర్మగారు తిరిగి చూడొచ్చు. ఇవి నవ్వులాటలే అయినా పన్నెండు పదమూడేళ్లు మోయాల్సిన నవ్వులాటలు.

ఎన్ని అక్షరాలు ఉండాలంటే రెండు, పోనీ మూడు. ఇది కొత్త సంగతేమీ కాదు. దాదాపు 2400 ఏళ్ల కిందట వేటకుక్కల గురించి రాసిన గ్రీకు రచయిత జెనోఫన్, పిలవడానికి సులువుగా ఉండాలి కాబట్టి కుక్కలకు పొట్టి పేర్లు పెట్టమన్నాడు. తానే నలభైకి పైగా పేర్లు రాసిచ్చాడు. ఈటె, డాలు పిడి, కాపలా లాంటి అర్థాలున్నవి ఎన్నో ఉన్నాయి అందులో. ఘటోత్కచ పెట్టుకో, తప్పులేదు, కానీ వారం తిరిగేసరికి అది ఘటూ అవుతుంది. ఆ పొట్టి పేరు ఏదో మొదటిరోజే నువ్వే తేల్చి అందరికీ చెప్పు. లేకపోతే ఒకరు 'ఘటూ', ఒకరు 'కచ్చు', ఒకరు 'గట్టీ' అంటారు. అది మూడు పేర్లు విని ఏ ఒక్కదానికీ పలకదు.

ఇక ఆజ్ఞలతో తగువు చూడాలి. మన ఇళ్లలో కుక్కలకు సగం ఇంగ్లిష్, సగం తెలుగు: సిట్, స్టే, కమ్, నో, డౌన్, రా, పో, ఆగు, వద్దు. నువ్వు ఎంచుకున్న పేరు మొదటి అక్షరం వీటిలో దేనితోనూ కలవకూడదు. అగ్ని అంటే దానికి ఆగు వినిపిస్తుంది. రావణ, రాహు అంటే ముందు రా వినిపిస్తుంది. స్టే చెప్పి కూర్చోబెట్టిన కుక్క పేరు పూర్తయ్యేలోపే లేచి వచ్చేస్తుంది, తప్పు నీదే. కుంభ కమ్‌కు దగ్గర, సీత సిట్‌కు దగ్గర. మనకు అవి వేరే మాటలని స్పష్టంగా తెలుసు, కుక్కకు తెలియదు. 2020లో బుడాపెస్ట్‌లోని అయోట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పెంపుడు కుక్కల మెదడు తరంగాలు కొలిచి చూశారు. తెలిసిన ఆజ్ఞకూ, అర్థంలేని మాటకూ తేడాను అవి పట్టుకున్నాయి. ఆజ్ఞలో ఒక్క ధ్వని మార్చి పలికితే మాత్రం ఆ తేడా కనిపించలేదు. 'భ'కూ 'బ'కూ మధ్య తేడా కూడా దానికేమీ కాదు. ఇంట్లో ఎవరైనా బైరవా అంటే దిద్దకు.

దేవుళ్ల పేర్ల దగ్గర కాస్త ఆగి ఆలోచించు. రుద్ర వినడానికి గట్టిగా ఉంది, నిజమే. కానీ కుక్కను పిలిచే పిలుపుల్లో సగం తిట్లే. చెత్తబుట్ట బోర్లించినప్పుడు ఆ పేరు వెనక ఏం తగిలిస్తావో నీకు తెలుసు. అది వినే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. వేరే మతాలవాళ్లు పూజించే పేర్ల జోలికి అసలే వెళ్లకు. యమ పేరుతో గొడవ వేరు. నాలుగు నెలల పిల్లను లిఫ్టులో యమా అని పిలిస్తే పక్కవాళ్లు పిల్లలను వెనక్కి లాక్కుంటారు. అలా జంకే మనుషుల మధ్య పెరిగిన కుక్క తానూ జంకుతుంది, జంకే కుక్క కరిచే అవకాశం ఎక్కువ. భయపెట్టే పేరును బలమైన పేరనుకోకు.

భైరవ సంగతి వేరు. ఆయన వాహనమే కుక్క, కాశీలో కాలభైరవుడిని కొత్వాలు అంటారు, అంటే ఊరికి కాపలాదారు. ఆ పేరు కుక్కకు పెడితే తప్పుపట్టేవాళ్లు తక్కువ.

నన్నడిగితే వీరుల వెంట పడటం కన్నా పురాణాల్లోని కుక్కలనే వెతుక్కోవడం మేలు. వాటిలో మొదటిది సరమ, ఇంద్రుడి ఆడకుక్క, దేవశుని, అంటే దేవతల కుక్క. ఋగ్వేదం పదో మండలంలో ఆమెకూ పణులనే అసురులకూ మధ్య సంవాదంగా ఒక సూక్తమే ఉంది. పణులు ఆవులను దాచేశారు. వాటిని వెతుకుతూ సరమ రస అనే నదిని దాటి వెళ్లింది. చెల్లెలిలా చూసుకుంటాం, ఆవుల్లో వాటా ఇస్తాం, ఇక్కడే ఉండిపో అని పణులు ఆశపెట్టారు. నాకు అన్నాచెల్లెళ్ల వరసలు తెలియవు పొమ్మంది. నన్నయ భారతం మొదట్లోనే ఆమె మళ్లీ కనిపిస్తుంది. జనమేజయుడి యాగశాలకు వచ్చిన ఆమె పిల్లను రాజు తమ్ముళ్లు శ్రుతసేనుడు, భీమసేనుడు, ఉగ్రసేనుడు కొట్టారు. ఏ తప్పూ చెయ్యని బిడ్డను ఎందుకు కొట్టారని ఆ తల్లి రాజు ఎదుటే నిలబడి అడిగింది, అనుకోని భయం వచ్చిపడుతుందని చెప్పి వెళ్లింది. బలమంటే నాకు అదీ. ఆడపిల్లయితే రెండో మాట లేకుండా సరమ అనేవాణ్ని. రామాయణంలో సీతను ఓదార్చిన రాక్షస స్త్రీ పేరు కూడా సరమే.

నీది మగపిల్ల, ఊరజాతి, ఒంటినిండా పులిచారలు అన్నావు. అయితే శబల ఉంది. యముడి దగ్గర సరమ సంతతి కుక్కలు రెండు: శ్యామ, శబల. మొదటిదానికి నల్లనిది అని అర్థం, రెండోదానికి రంగులు కలిసినది అని. వేదం వాటిని నాలుగు కళ్ల కుక్కలంటుంది. కళ్లపైన గోధుమరంగు చుక్కలుండే నల్లకుక్కలను చూసి అలా అన్నారని కొందరి వ్యాఖ్య. నీ పిల్లకు చారలున్నాయి కాబట్టి శబల అక్షరాలా సరిపోతుంది. వాల్మీకి రామాయణంలో వసిష్ఠుడి కామధేనువు పేరు కూడా శబలే. విశ్వామిత్రుడు బలవంతంగా తోలుకుపోబోతే సైన్యాలను పుట్టించి తరిమింది. ఆవు పేరు అని ఎవరైనా దెప్పితే ఈ మాట చెప్పు.

పాండవుల వెంట హస్తినాపురం నుంచి మహాప్రస్థానానికి బయలుదేరిన కుక్కకు భారతంలో పేరు లేదు. దాన్ని వదిలి స్వర్గానికి రానని ధర్మరాజు ఇంద్రుడితో అంటే అప్పుడది ధర్మదేవతగా బయటపడింది. శర్మగారితో ఇబ్బంది లేకపోతే ధర్మ కూడా పనికొస్తుంది. గ్రీకుల వైపు ఆర్గోస్ ఉంది. యజమాని ఒడిస్యూస్ ఇరవై ఏళ్లకు బిచ్చగాడి వేషంలో తిరిగొస్తే, పేడకుప్ప మీద పడి ఉన్న ముసలి కుక్క గుర్తుపట్టి తోక ఊపి ప్రాణం విడిచింది. ఆర్గో అని కత్తిరిస్తే తెలుగు నోట చక్కగా తిరుగుతుంది. మూడు తలల కెర్బెరోస్ మాత్రం పుస్తకంలోనే బాగుంటాడు.

పేరు తేలాక అలవాటు చెయ్యడం ఇలా. ఉడికించిన కోడిమాంసాన్ని ఉప్పూ కారం లేకుండా శనగగింజంత ముక్కలు చెయ్యి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, అది అటు తిరిగి ఉన్నప్పుడు, పేరు ఒక్కసారి మామూలు గొంతుతో పలుకు. తల తిప్పి నీ మొహంలోకి చూసిన సెకనులోపు ముక్క ఇవ్వు. ఆలస్యమైతే ముక్క దేనికి వచ్చిందో దానికి అర్థం కాదు. ఒక విడతకు ఐదారు సార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు, తిండికి ముందు ఆకలిగా ఉన్నప్పుడు. గదిలో పదికి తొమ్మిదిసార్లు తిరుగుతుంటే కారిడార్‌కు, ఆ తర్వాత తాడు కట్టి వీధికి తీసుకెళ్లు. వీధిలో మళ్లీ మొదటికొచ్చినట్టుంటుంది, కంగారు పడకు, అక్కడ వాసనలు ఎక్కువ.

పలకకపోతే పేరును మళ్లీ మళ్లీ అనొద్దు. పదిసార్లు వినిపించిన పేరు ఫ్యాను చప్పుడుతో సమానం అవుతుంది. నాలుకతో చప్పుడు చేసో, నాలుగడుగులు వెనక్కి నడిచో దాని చూపు తిప్పుకో, కాసేపాగి మళ్లీ మొదలుపెట్టు. స్నానానికి, ఇంజెక్షన్‌కు, గోళ్లు కత్తిరించడానికి పేరు పెట్టి పిలవకు, నువ్వే వెళ్లి ఎత్తుకో. తిట్టేటప్పుడు కూడా పేరు తీయకు, వద్దు అన్న మాట చాలు. చాలా ఇళ్లలో పేరు చెడేది ఇక్కడే. మొదటి రెండు వారాలు బుజ్జి, కన్నా, బంగారం అన్నీ పక్కన పెట్టమని అందరికీ చెప్పు. మనవాళ్లకు ఇదే అన్నిటికన్నా కష్టం.

పిల్లను ఇచ్చినవాళ్లు ఇప్పటికే టామీ అని పిలుస్తున్నారన్నావు. అయితే కొత్త పేరు ముందు, పాత పేరు వెంటనే: శబలా, టామీ! తర్వాత ముక్క. ఈ వరస తిరగెయ్యకు. కొత్తదాని వెనక తెలిసినది వస్తుందని అర్థమైతేనే అది కొత్తదానికి తల తిప్పుతుంది. వారం పది రోజులకు కొత్త పేరు వినగానే చూస్తుంది, అప్పుడు టామీని వదిలెయ్యి.

టీకాల కార్డు మీద డాక్టరు రాసే స్పెల్లింగే నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఇచ్చే కుక్క లైసెన్సులో కూడా ఉండేలా చూసుకో. శబలను ఒకచోట 'ఎస్'తో, ఇంకోచోట 'ఎస్ హెచ్'తో రాస్తే తర్వాత సరిచేయించడానికి తిరగాలి. మెడపట్టీ బిళ్ల మీద పేరుకన్నా నీ ఫోన్ నంబరు పెద్దగా చెక్కించు.

ఆదివారం లోపు రెండు పేర్లకు కుదించి, మీ అత్తగారి చేత పిలిపించి చూసి, నాకు ఫోన్ చెయ్యి.

మీ నాన్న