కొత్త స్టీరింగు గురించి అమ్మణ్ణికి

నెల్లూరు,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి అమ్మణ్ణికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు కూడా క్షేమమని తలుస్తాను.

నువ్వు పంపిన ఫోటోలను కళ్ళద్దాలు పెట్టుకొని రెండు మూడుసార్లు చూశాను. నీ కారు స్టీరింగు మీద చేతులు ఆనే రెండు చోట్లా తోలు పొట్టులా లేచిపోయింది. ఎండలో పార్కు చేసిన కారులో కూర్చున్నప్పుడు అరచేతులకు ఆ పొట్టు అంటుకుంటే ఎంత చికాకో నాకు తెలుసు. షాపతను చూపించిన ఎర్ర కుట్టు చిన్న స్టీరింగు చూడముచ్చటగా ఉన్న మాటా నిజమే. గంటలో అయిపోయే పని అన్నాడు, మార్పించేయనా నాన్నా అని అడిగావు. వద్దమ్మా. ఈ ఒక్క మాట ఫోనులో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడి కూతురివి నువ్వు. నాన్న వద్దన్నాడు కాబట్టి మానుకున్నానని కాకుండా, ఎందుకు వద్దన్నాడో తెలిసి మానుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ కారు 2020లో తయారైంది. మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే ప్రతి కొత్త కారుకూ డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ ఉండి తీరాలి. ఆ సంచి ఎక్కడో డాష్‌బోర్డు లోపల లేదు, నువ్వు హారను కొట్టే ఆ మధ్య మూత కిందే మడతలు పెట్టి ఉంది. బండి ముందు భాగం గట్టిగా గుద్దుకున్నప్పుడు లోపలి మందు మండి, వాయువు పుట్టి, సంచి పూర్తిగా విచ్చుకోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. షాపతను అమ్మే స్టీరింగు మధ్యలో ఉండేది ఒక హారను బటను, దాని వెనక ఖాళీ జాగా, అంతే. గూడూరు, నాయుడుపేట మీదుగా ప్రతి వారం నువ్వు తిరిగే ఆ హైవేలో, కృష్ణపట్నం పోర్టు నుంచి వచ్చే లారీల మధ్య, నీ ఎముకకూ ఆ ఇనుప గొట్టానికీ నడుమ ఉన్న ఒక్క మెత్తని వస్తువును డబ్బిచ్చి తీయించుకోవడాన్ని నేను ఒప్పుకోలేను.

సంచి ఒక్కటే కాదు. స్టీరింగు వెనక క్లాక్ స్ప్రింగు అనే భాగం ఉంటుంది. అలాంటిది పాడైనది ఒకటి నా బల్ల మీద ఉంది, ఈ ఉత్తరం రాస్తూ దాన్ని విప్పి చూస్తున్నాను. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా లోపల, దర్జీ కొలత టేపును చుట్టినట్టు, సన్నని రాగి తీగలు అతికించిన పలచని పట్టీ చుట్టలు చుట్టుకొని ఉంటుంది. స్టీరింగు కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకు తిప్పితే వదులవుతుంది. ఎయిర్‌బ్యాగుకూ హారనుకూ కరెంటు దీని మీదుగానే వెళ్తుంది. దీనికి ఇన్ని చుట్లే తిరగాలనే హద్దు ఉంటుంది కాబట్టి, స్టీరింగు ఊడదీసిన తరువాత దీన్ని నడిమికి తెచ్చి కదలకుండా ఆపాలి. ఎవరో ఆ పని చేయకుండా, డబ్బాను వేలితో ఊరికే తిప్పి మళ్ళీ బిగించారు. నా చేతిలో ఉన్నదానికి మడత దగ్గర పట్టీ చిట్లి, ఒక్క తీగ మాత్రం వెంట్రుకలా వేలాడుతోంది. ఆ ఒక్క తీగ తెగితే హారను మోగదు, డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది.

ఆ దీపం గురించి నీకు తప్పనిసరిగా చెప్పాలి. బయటి స్టీరింగు బిగించినప్పుడు సంచి కనబడక కారులోని కంప్యూటరు ఆ దీపాన్ని వెలిగిస్తుంది. కొందరు రెండు మూడు ఓముల రెసిస్టరు ఒకటి ఆ వైరు చివర పెట్టి, సంచి ఉన్నట్టే కంప్యూటరును నమ్మించి, దీపాన్ని ఆర్పేస్తారు. అప్పుడు బండిలో కూర్చున్న మనిషి కూడా రక్షణ ఉందనే నమ్ముతాడు. నాకు దీన్ని మించిన మోసపు పని మా వృత్తిలో కనబడదు. నీది సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి రేపు ఉదయమే ఒక పని చెయ్యి. తాళం ఆన్ చేయగానే ఆ దీపం వెలిగి, కొన్ని సెకన్ల తరువాత తనంతట తానే ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా ఎవరినీ ముట్టుకోనివ్వకుండా కంపెనీ సర్వీసు సెంటరులో స్కానరు పెట్టించి చూపించు. సరిగ్గా వెలిగి ఆరినా, పాత యజమాని దగ్గర ఎప్పుడైనా స్టీరింగు ఊడదీశారేమో ఒక మాట అడుగు.

చట్టం సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షను కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు సర్వేయరు మొదట చూసే చోట్లలో స్టీరింగు ఒకటి.

మరి తోలు సంగతేమిటంటావు. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ట్రంకు రోడ్డులో సీటు కవర్లు కుట్టేవారి దగ్గరికి ఇద్దరం వెళ్దాం. స్టీరింగును కారు నుంచి తీయకుండానే, పాత పొట్టును గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసి, పలచని తోలు కొలతకు కత్తిరించి, మైనం పట్టించిన దారంతో చుట్టూ చేత్తో కుట్టించవచ్చు. నీకు నచ్చిన ఎర్ర దారమే వేయిద్దాం. మధ్య మూత మీద మాత్రం ఒక కుట్టు గానీ, అతుకు గానీ, బొమ్మ గానీ పడకూడదు, ఎందుకంటే ఆ మూత పగిలే గీతల మీదే సంచి బయటికి వస్తుంది. అంతవరకు జారిపోయే రెడీమేడ్ తొడుగు ఏదీ వేసుకోకు. మలుపులో తొడుగు తిరిగి స్టీరింగు తిరగకపోతే ఆ క్షణంలో చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక నీకు నిజంగా ఒక స్టీరింగు మార్చి చూడాలని ఉంటే, మన పాత మారుతి 800 ఉంది. దానికి ఎయిర్‌బ్యాగ్ లేదు, పవర్ స్టీరింగు లేదు, క్లాక్ స్ప్రింగు కూడా లేదు. హారను కోసం ఒక ఇత్తడి రింగూ దాని మీద రాసుకుంటూ తిరిగే చిన్న స్ప్రింగు కాంటాక్టూ మాత్రమే ఉన్నాయి. రవాణా శాఖ ఇన్‌స్పెక్టరును అడిగి, ఇన్సూరెన్సు వారికి ఒక కాగితం రాసి ఇచ్చిన తరువాత, సంక్రాంతికి నువ్వు వచ్చినప్పుడు ఆ పని నీ చేతే చేయిస్తాను.

అయితే దానికి ముందు నా తప్పు ఒకటి నీకు తెలియాలి. నువ్వు పుట్టకముందు ఒకాయన తన వ్యానుకు సోకైన స్టీరింగు వేయమని వచ్చాడు. స్టీరింగును దాని కింద తిరిగే కడ్డీకి, అంటే కాలమ్ షాఫ్టుకు, కలిపే బాస్ అనే ముక్క ఆ బండికి సరిపోయేది దొరకక, అన్నిటికీ సరిపోతుందని చెప్పి అమ్మినదాన్ని తెచ్చాడు. షాఫ్టు పళ్ళ మీద అది కొంచెం వదులుగా కూర్చుంది. నట్టు బిగిస్తే సర్దుకుంటుందనుకొని పొడుగు పానాతో బలంకొద్దీ బిగించి పంపాను. పది రోజులకు ఆయన పెన్నా వంతెన మీద ఉండగా స్టీరింగు చేతిలో కిందికీ మీదికీ ఊగడం మొదలుపెట్టింది. దేవుడి దయవల్ల నెమ్మదిగా పోతున్నాడు కనుక నడకవేగంతో బండిని నా దగ్గరికి తెచ్చాడు. విప్పి చూస్తే బాస్ లోపలి అల్యూమినియం పళ్ళు సగానికి పైగా అరిగిపోయి, ఆ వెండి రంగు పొడి గ్రీజులో కలిసి షాఫ్టు చుట్టూ బంకలా పేరుకొని ఉంది. నేను ఆ పొడిని గుడ్డతో తుడుస్తుంటే ఆయన పక్కనే నిలబడి చూస్తున్నాడు, ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నాకు ఈనాటికీ గుర్తుంది.

అందుకే 800కు బాస్ కిట్ ఆ మోడలు కోసమే చేసినదై ఉండాలి. షాఫ్టు మీదికి చేత్తో నెడితే పళ్ళు బిగుతుగా, ఊగులాట లేకుండా కూర్చోవాలి. స్టీరింగుకు ఆరు బోల్టుల రంధ్రాలుంటాయి. మోమో, స్పార్కో, ఓఎంపీ వంటి కంపెనీల స్టీరింగులకు ఆ రంధ్రాలు మామూలుగా 70 మిల్లీమీటర్ల వలయం మీద, నార్డికి 74 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి. తేడా నాలుగు మిల్లీమీటర్లే కదా అని రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేసే మనుషులున్నారు, అలా చేసినదాన్ని కొనకు. పెద్ద పేర్లు అచ్చు వేసిన నకిలీలు కూడా వస్తాయి. అంచును రెండు చేతులతో పట్టుకొని ముందుకూ వెనక్కూ వంచి చూడు, వంగితే అక్కడే పెట్టేసి వచ్చెయ్యి.

సైజు విషయంలో ఆశపడవద్దు. ఇప్పుడున్నదాన్ని టేపుతో కొలిస్తే సుమారు 380 మిల్లీమీటర్లు వచ్చింది. 350 వేస్తే తిప్పడానికి తొమ్మిది శాతం దాకా ఎక్కువ బలం కావాలి, అది భరించవచ్చు. 300 వేస్తే పావు వంతుకు మించి ఎక్కువ కావాలి, పవర్ స్టీరింగు లేని బండిని సంతపేట సందుల్లో మలిపేటప్పటికి నీ భుజాలు పడిపోతాయి. పైగా చిన్న అంచు సరిగ్గా స్పీడు ముల్లుకు అడ్డం వస్తుంది.

పని రోజున ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసేద్దాం, ముందు చక్రాలు తిన్నగా ఉంచుదాం. నట్టు విప్పేముందు షాఫ్టు మీదా స్టీరింగు మధ్య భాగం మీదా కలిసేటట్టు తెల్ల పెయింటుతో ఒక గీత గీయాలి. నట్టును వదులు చేసి పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు మిగల్చాలి, లేకపోతే గుంజినప్పుడు స్టీరింగు ఒక్కసారిగా ఊడి ముఖానికి తగులుతుంది. రాకపోతే గుంజి ఊడదీసే పనిముట్టు పుల్లరు వేద్దాం గానీ సుత్తి మాత్రం ముట్టుకోవద్దు. గుద్దుకున్నప్పుడు లోపలికి కుంగేటట్టు చేసిన కాలమ్‌లు ఉంటాయి, సుత్తి దెబ్బకు వాటిలోని పిన్నులు తెగిపోవచ్చు. ఇండికేటరును తిరిగి వెనక్కి కొట్టే గడి బాస్ వెనక ఎక్కడ ఉందో చూసుకొని అమర్చాలి. పెద్ద నట్టును మాన్యువల్‌లో ఉన్న లెక్కకు, బిగించే బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాలి, ఆరు చిన్న బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఆ తరువాత బండిని నిలిపి ఉంచి, స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పి, ఎక్కడైనా రాసుకుంటుందేమో, హారను ప్రతి చోటా మోగుతుందో లేదో వినాలి. నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ విప్పి నట్టు చూస్తాను. అంతవరకు ఆ బండి హైవే ఎక్కదు.

బాస్ కిట్ దొరికితే కొనేముందు వెనక వైపు పళ్ళు కనిపించేటట్టు ఫోటో తీసి నాకు పంపు, పక్కన ఒక స్కేలు పెట్టు. రేపు ఉదయం ఆ ఎర్రదీపం ఏం చేసిందో ఆఫీసుకు చేరగానే ఫోను చేసి చెప్పు. తొమ్మిదింటిదాకా షెడ్డుకు వెళ్ళకుండా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ నాన్న.