ప్రచారం ఎవరి ఓటును మారుస్తుంది? – అబ్బాయికి ఒక ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ ఆశీర్వదించి వ్రాస్తున్నది. ఇక్కడ నాన్నగారూ నేనూ క్షేమం.

ఉద్యోగానికి కొన్నాళ్ళు సెలవు పెట్టి, వచ్చే ఎన్నికల్లో ఒక పార్టీ ప్రచార బృందంలో పనిచేయాలని ఉందని నువ్వు చెప్పినప్పటి నుంచి నాన్నగారికి నీ ఉద్యోగం గురించే దిగులు. నా ఆలోచన మాత్రం నువ్వు ఆ వెంటనే అడిగిన ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది. "పార్టీ అభిమానులు ఎంత చెప్పినా మారరు, ఏదీ తేల్చుకోనివాళ్ళు చివరి రాత్రి చేతికందిన డబ్బును బట్టి వేస్తారు, ఇక ప్రచారం చేసి ఏం లాభమమ్మా?" అన్నావు. అందులో సగం నిజమే. మిగిలిన సగం మాత్రం, నువ్వు రేపు ఎవరి గడప తొక్కబోతున్నావో ఆ మనుషులను తక్కువ చేసే మాట. ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదు గనుక కాగితం మీద పెడుతున్నాను.

ముందుగా, మారనివాళ్ళ సంగతి. 2019లో మన ఆంధ్రప్రదేశ్‌లో 175 శాసనసభ స్థానాలకు గాను తెలుగుదేశం పార్టీకి 23 మాత్రమే వచ్చినప్పుడు ఆ పార్టీ పని అయిపోయిందన్నవాళ్ళు ఎందరో ఉన్నారు. కాని ఆ ఓటమిలోనూ పోలైన ఓట్లలో 39 శాతానికి పైగా ఆ పార్టీకే పడ్డాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ 151 స్థానాల నుంచి 11కు పడిపోయింది. అప్పుడు కూడా ఆ పార్టీకి 39 శాతానికి పైగానే ఓట్లు వచ్చాయి. రెండు వేర్వేరు పార్టీలు, రెండు ఘోర పరాజయాలు, దాదాపు ఒకటే అంకె. గాలి ఎంత ఎదురు వీచినా కదలని జనం ఒక్కొక్క వైపున ఎంతమంది ఉన్నారో ఈ అంకెలు చెప్పినంత స్పష్టంగా ఏ సభకు వచ్చిన జనమూ చెప్పలేదు. సీట్లు లెక్కపెట్టి ప్రజల మనసును అంచనా కట్టే అలవాటు నీకూ ఉంది, దాన్ని ముందు వదులుకో.

ఆ నిలకడను మూఢత్వమని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. నేను అలా అనుకోను. మన ఊళ్ళో ఏ ఇల్లు ఏ పార్టీదో చిన్నపిల్లలు కూడా చెప్పగలరన్నది నిజమే. అయితే ఆ ఇంటివాళ్ళ అభిమానం వెనుక ఎప్పుడో మంజూరైన ఇళ్ళ స్థలమో, ముసలితనంలో మొదటిసారి చేతికొచ్చిన పింఛనో, కేసు మీద పడ్డ రోజున స్టేషనుకు వచ్చి కూర్చున్న నాయకుడో, అవతలి పార్టీ హయాంలో నలుగురిలో పడ్డ అవమానమో ఉంటుంది. కులం కూడా ఉంటుంది, కాదనను. ఇన్నేళ్ళ అనుభవం మీద నిలబడ్డ నిర్ణయాన్ని రెండు వారాల మైకు చప్పుడు కదిలిస్తుందని ఆశించడమే పొరపాటు.

ఈ సంగతిని మొట్టమొదట పద్ధతిగా పరిశీలించినవారు అమెరికాలో ఉన్నారు. 1940 అధ్యక్ష ఎన్నికలో రూజ్‌వెల్ట్, విల్కీ తలపడినప్పుడు కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఆయన సహచరులు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో దాదాపు 600 మందిని ఎంచుకొని, మే నెల నుంచి నవంబరు వరకు వాళ్ళనే మళ్ళీ మళ్ళీ కలుస్తూ ఎవరి మనసు ఎప్పుడు ఎటు మొగ్గుతున్నదో వ్రాసుకున్నారు. పత్రికలూ రేడియో జనాన్ని ఎటు కావాలంటే అటు తిప్పగలవని చాలామంది నమ్ముతున్న కాలమది. తేలింది మరొకటి. సుమారు సగం మంది మే నెలకే నిర్ణయించుకొని చివరిదాకా దానికే కట్టుబడి ఉన్నారు. ఒక పార్టీని వదిలి రెండో పార్టీకి పూర్తిగా మారినవాళ్ళు వందకు ఎనిమిది మంది మాత్రమే. ప్రచారం ఎక్కువగా చేసింది ఏమిటంటే, నిర్ణయించుకున్నవాళ్ళ నమ్మకాన్ని గట్టిపరచింది. ఇంకా తేల్చుకోనివాళ్ళలో చాలామందిని, వాళ్ళ పుట్టుక, వృత్తి, మతం, చుట్టుపక్కలవాళ్ళను బట్టి వాళ్ళు ఎటు మొగ్గుతారని అనుకోవచ్చో అటే చేర్చింది.

గట్టిపరచడం చిన్న పని కాదు, నాన్నా. మారని ఓటరు అవతలి పార్టీకి వేయకపోవచ్చు గాని, అలిగి ఇంట్లో కూర్చోవచ్చు. ఎన్నికల విధుల్లో ప్రిసైడింగ్ అధికారిగా వెళ్ళినప్పుడల్లా నేను గమనించేదాన్ని. మధ్యాహ్నం దాటాక, పోలింగు కేంద్రానికి 200 మీటర్ల అవతల కూర్చున్న కార్యకర్తలు జాబితాలు ముందేసుకొని ఇంకా ఎవరు రాలేదో చూసి, ఆటో పంపేవారు, మనిషిని పంపేవారు. వాళ్ళు వెతుక్కునేది తమవాళ్ళనే. పింఛను ఆగిపోయిందని అలిగిన ముసలాయన, టికెట్టు తమ నాయకుడికి ఇవ్వలేదని ముఖం చాటేసిన కుర్రాళ్ళు, వలస వెళ్ళి రావడానికి బద్ధకించిన కుటుంబం, వీళ్ళను కేంద్రం దాకా తీసుకురాగలిగితే అదే ఆనాటి గెలుపు. 1998లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 30 వేల మంది ఓటర్ల మీద చేసిన ప్రయోగం కూడా దీన్నే బలపరచింది. ఏ పార్టీ పేరూ ఎత్తకుండా, వచ్చి ఓటు వేయమని ఇంటి గుమ్మంలో నిలబడి అడిగినచోట పోలింగు చెప్పుకోదగినంతగా పెరిగింది. అదే మాట ఫోనులో చెప్పించినచోట పెరగలేదు. రోజుకు వెయ్యి ఫోన్లు చేయించే బృందంలో నిన్ను కూర్చోబెడితే ఈ సంగతి వాళ్ళకు చెప్పు.

ఇక తేల్చుకోనివాళ్ళు. నీ మాటల్లో నాకు నచ్చనిది వీళ్ళ గురించిన తేలికభావమే. వీళ్ళలో రాజకీయాల మీద ఆసక్తి లేనివాళ్ళు ఉన్న మాట నిజం. ఈరీ కౌంటీలోనూ ఆలస్యంగా నిర్ణయించుకున్నవాళ్ళలో ఆసక్తి తక్కువే కనబడింది. కాని అక్కడే మరో సంగతి కూడా బయటపడింది. ఆలస్యం చేసినవాళ్ళలో చాలామంది రెండు వైపుల నుంచీ లాగబడుతున్నవాళ్ళు. మతం ఒక పార్టీ వైపు, ఆర్థిక స్థితి మరో పార్టీ వైపు, ఇంట్లోవాళ్ళు ఇంకో వైపు లాగుతుంటే ఎటూ అడుగు వేయలేకపోయినవాళ్ళు. మన దగ్గర అలాంటి ఇళ్ళు ఎన్ని లేవు? తల్లి ఖాతాలో పథకం డబ్బు క్రమం తప్పకుండా పడుతుంది, డిగ్రీ చదివిన కొడుకు మాత్రం పనిలేక హైదరాబాదుకో బెంగళూరుకో పోతాడు. ఎమ్మెల్యే అభ్యర్థి అందుబాటులో ఉండే మంచివాడు, ఆయన పార్టీ అధినాయకుడి మీద మాత్రం నమ్మకం లేదు. అలాంటి మనిషి చివరి వారం దాకా ఆగితే దాన్ని బలహీనత అనలేము. ఆ మనిషి రెండు నిజాలనూ తూచి చూసుకుంటున్నాడు. ప్రచారం వినవలసిన అవసరం నిజంగా ఉన్నది ఆయనకే.

అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారంటావా? కరోలిన్ లె పెనెక్, విన్సెంట్ పాన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1952 తరువాత పది దేశాల్లో జరిగిన 62 ఎన్నికల సర్వేలను పరిశీలించి, పోలింగుకు ముందు రెండు నెలల్లో ఎవరికి వేయాలో తేల్చుకున్నవాళ్ళు 17 నుంచి 29 శాతం దాకా ఉంటారని చూపించారు. గెలుపోటములను నిర్ణయించడానికి ఇది చాలా ఎక్కువ. వాళ్ళు గమనించిన మరో విషయం నాకు ఇంకా విలువైనదిగా తోచింది. టీవీలో నాయకులు ఎదురెదురుగా నిలబడి చేసిన 56 చర్చలను విడిగా పరిశీలిస్తే, ఆ చర్చలు ఓటర్లు తేల్చుకోవడానికి తోడ్పడిన జాడ కనబడలేదు. ఒక్క రాత్రి జరిగిన పెద్ద తతంగం మనిషిని కదిలించడం లేదు. వారాల తరబడి పేపరులో చదివినది, పొరుగువాళ్ళతో మాట్లాడినది, ఇంటికి వచ్చినవాళ్ళను అడిగి తెలుసుకున్నది కలిసి కదిలిస్తున్నాయి. లక్షమంది సభకు లారీలు కట్టించే నాయకులు ఈ మాట వింటే ఎంత ఖర్చు తగ్గేదో.

మన రాష్ట్రంలో 2024 ఎన్నికనే చూడు. కూటమిలోని తెలుగుదేశం, జనసేన, బీజేపీ మూడూ 2019లో దేనికది పోటీచేసి తెచ్చుకున్న ఓట్లు కూడితే 45 శాతానికి కొంచెం ఎక్కువ. 2024లో కలిసి తెచ్చుకున్నవి 55 శాతం పైచిలుకు. పొత్తు కుదరడం వల్ల ఓట్లు చీలకుండా పోవడం ఒక సంగతి అయితే, ఆ కూడిక మీద అదనంగా వచ్చిన పది శాతం మరో సంగతి. ఆ పదిమందీ ప్రచారం విని మారారని నేను అనను. అమరావతి రాజధాని వివాదం, 2023 సెప్టెంబరులో చంద్రబాబు అరెస్టు, ఉద్యోగాల సమస్య, ఇవన్నీ ఎన్నికల ప్రకటన రాకముందే జనం మనసులో నానుతున్నాయి. పైగా వంద మందిలో పదిమంది తేడా అంటే మారినవాళ్ళు పదిమందేనని కాదు. అటు పోయినవాళ్ళూ ఇటు వచ్చినవాళ్ళూ, కొత్తగా ఓటు వచ్చినవాళ్ళూ, ఈసారి రానివాళ్ళూ కలిసి చివరికి మిగిలిన తేడా అది. అయినా ప్రచారం చేసిన పని ఒకటి నా కళ్ళ ముందు జరిగింది. భూముల హక్కుల మీద అంతకుముందే వచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి మన వీధిలో ఎవరూ మాట్లాడుకున్న జ్ఞాపకం లేదు. ఆఖరి వారాల్లో ఒక వైపు అది రైతు భూమికి ముప్పు అని, రెండో వైపు అదంతా అబద్ధపు ప్రచారమని వాదించుకున్నాక, అర ఎకరం ఉన్నవాళ్ళు కూడా పట్టాదారు పాసుపుస్తకాలు తీసి చూసుకున్నారు. కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఎవరి వాదన సరైనదన్నది అలా ఉంచితే, ప్రచారం అక్కడ ఎవరి పార్టీనీ మార్చకముందే, దేని గురించి ఆలోచించి ఓటు వేయాలన్నదాన్ని మార్చింది.

ఇంత చెప్పాక నీకు 1983 గుర్తుకు రావాలి. ఆ ఎన్నికలో నాకు ఓటు లేదు. అప్పటికి 21 ఏళ్ళు నిండితేనే ఓటు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన నటుడు ఎన్.టి.రామారావుగారు, చైతన్యరథమెక్కి ఊరూరా తిరిగి, 1983 జనవరి 5న జరిగిన పోలింగులో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 294 స్థానాలకు 200కు పైగా గెలుచుకున్నారు. 1956లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి ఓటమి ఎరుగని కాంగ్రెస్‌కు 60 మిగిలాయి. ప్రచారం మనుషులను మార్చదనే సిద్ధాంతానికి దీనికంటే పెద్ద ఎదురుదెబ్బ ఎక్కడుంటుంది? అయితే ఆ తొమ్మిది నెలల వెనుక ఏముందో కూడా చూడాలి. ఒక్క శాసనసభ కాలంలోనే చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అని నలుగురు ముఖ్యమంత్రులను ఢిల్లీ మార్చింది. విసిగినవాళ్ళు అప్పటికే లక్షల్లో ఉన్నారు, వాళ్ళకు వేసేందుకు మరో గుర్తు లేదు. మీ తాతయ్య స్వాతంత్ర్యోద్యమ కాలం నాటి కాంగ్రెస్ మనిషి, చివరిదాకా మారలేదు. మారింది మీ అమ్మమ్మ. ఆమె కాంగ్రెస్‌కు వేస్తూ వచ్చింది అభిమానంతో కాదని, అడిగినవాళ్ళు లేక అని ఆ ఏడాదే మా అందరికీ తెలిసింది. మారనివాళ్ళుగా మనం లెక్కవేసేవాళ్ళలో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారు.

అలా కొత్తగా కుదిరిన అభిమానం ఎంత త్వరగా గట్టిపడిందో 1984 డిసెంబరులో కనబడింది. ఇందిరాగాంధీ హత్య తరువాత దేశమంతా కాంగ్రెస్ 400 స్థానాలు దాటితే, మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలకు 30 తెలుగుదేశానికి వచ్చాయి. దీని పక్కనే 2009ని పెట్టి చూడు. మరో అగ్రనటుడు చిరంజీవి పెట్టిన ప్రజారాజ్యం సభలకు జనం రోడ్లు పట్టకుండా వచ్చారు. సుమారు 16 శాతం ఓట్లు, 18 స్థానాలు దక్కాయి. ఆకర్షణలోనో కష్టంలోనో లోపం ఉందని నేను అనుకోను. 1983లో ఖాళీగా ఉన్న చోటు 2009 నాటికి నిండిపోయింది. అప్పటికి రెండు బలమైన శిబిరాలు ఉన్నాయి, రెండింటి వెనుకా పాతికేళ్ళ అభిమానాలు ఉన్నాయి. సభకు వచ్చి చూసి ఆనందించినవాళ్ళలో చాలామంది పోలింగు రోజున తమ పాత గుర్తు దగ్గరికే వెళ్ళారు.

డబ్బు గురించి నువ్వన్నదానికి ఎక్కువ చెప్పను. ఓటుకు డబ్బు ఇవ్వడం నేరం, నువ్వు దాని దరికి పోవద్దు, అది నా ఆజ్ఞ అనుకో. అయినా రెండు పార్టీలూ పంచినచోట రెండింటి దగ్గరా పుచ్చుకొని, యంత్రం ముందు నిలబడ్డప్పుడు తమకు తోచినవాళ్ళకే వేసేవాళ్ళు మనం అనుకునేకంటే చాలా ఎక్కువ.

నువ్వు వెళ్ళేటట్టయితే ఒక్క మాట పాటించు. అవతలి పార్టీ జెండా కట్టిన ఇంటి ముందు ఆగి వాళ్ళ నాయకుడిని తిట్టే ప్రచారంలో పాల్గొనకు. ఆ ఇంటివాళ్ళు మారరు. అలిగి ఇంట్లో ఉండిపోదామనుకున్న ఆ ఇంటి ముసలాయన మాత్రం ఆ రోషంతోనే లేచి వచ్చి ఓటు వేస్తాడు. తేల్చుకోనివాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు కరపత్రం చేతిలో పెట్టి కదలకుండా, వాళ్ళ రెండు నిజాలనూ ముందు విను. నీ పార్టీ దగ్గర జవాబు లేని ప్రశ్న వస్తే లేదనే చెప్పు.

సెలవు పెట్టే ముందు ఒక పని చెయ్యి. మన నియోజకవర్గానికి 2014, 2019, 2024 ఎన్నికల ఫారం 20 పత్రాలు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో వెతికి తీసుకో. పోలింగు కేంద్రాల వారీగా ఏ పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయో వాటిలో ఉంటుంది. కేంద్రాల నంబర్లు, హద్దులు ఎన్నికకు ఎన్నికకు మారుతుంటాయి గనుక పేర్లు చూసి జాగ్రత్తగా జతపరచుకోవాలి. మూడింటిలోనూ కదలని కేంద్రాలు ఏవో, ఊగినవి ఏవో గుర్తుపెట్టి పట్టుకురా. ఊగిన కేంద్రాల్లో కొన్ని వీధులు నాకు తెలుసు, చదువు చెప్పిన పిల్లల ఇళ్ళు ఉన్నాయి. ఆ కాగితాలు ముందు పెట్టుకొని, నాన్నగారిని కూడా కూర్చోబెట్టుకొని, నీ సెలవు సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
అమ్మ