ఒక్క రైఫిలే కొంటానన్నవాళ్లకు, ఈ సీజన్‌కి ముందు మా షాపు నుంచి నాలుగు మాటలు

అందరికీ నమస్తే. నవంబర్ మొదటి శనివారం టెక్సస్‌లో జింకల సీజన్ మొదలవుతుంది కాబట్టి ఇప్పట్నుంచే ఫోన్లు మోగుతున్నాయి. దాదాపు అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఒక్క రైఫిలే కొంటాను, వేటకీ పనికి రావాలి, వీకెండ్ రేంజ్‌కి పోతే గురి కొట్టడానికీ పనికి రావాలి, ఏది తీసుకోమంటావ్?" ఒక్కొక్కరికీ మొదట్నుంచి చెప్పే ఓపిక తగ్గిపోయింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నాను. పనిలో పనిగా ఇంకో సంగతి కూడా: గోడ మీదున్న బోల్ట్ యాక్షన్ రైఫిళ్లలో (ప్రతి తూటాకీ పిడిని చేత్తో ఎత్తి లాగాల్సినవి) దాదాపు సగం తీసేస్తున్నాం. అన్ని రకాలు చూసేసరికి జనానికి తల తిరుగుతోంది, ఇంటికెళ్లి యూట్యూబ్ చూసి మళ్లీ మొదటికొస్తున్నారు, నా డబ్బేమో గోడకి వేలాడుతోంది.

నా ఓటు టిక్కా టీ3ఎక్స్ లైట్‌కి, .308 వించెస్టర్ అనే తూటా సైజులో. దీని మీద నాకు మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు, ఎక్కువ శక్తి ఉన్న ఖరీదైన మాగ్నమ్ రైఫిలూ దానికో భారీ స్కోపూ (గురి చూసే దుర్బిణి) అంటగడితే అంతకంటే బాగానే మిగులుతుంది, అది మీకు తెలిసే ఉంటుంది. అయినా నాకు నచ్చింది ఇదే.

షాపుకి వచ్చినప్పుడు ఒక పని చేయండి. చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని నేను చూపిస్తాను, మీరూ వేలు పెట్టి చూసుకోండి, తర్వాత బోల్ట్ పిడిని రెండు వేళ్లతో ఎత్తండి. ఇది 70 డిగ్రీలు లేస్తే చాలు, పాత పద్ధతి రైఫిళ్లలో చాలావాటికి 90 ఎత్తాలి. 20 డిగ్రీల తేడాకి ఇంత గొడవ దేనికి అంటారేమో, పిడి అంత పైకి లేస్తే స్కోప్ కంటి వైపు భాగానికి దగ్గరగా పోతుంది, డిసెంబర్ చలిలో గ్లవ్స్ వేసుకున్న వేళ్లు సరిగ్గా అక్కడే నలుగుతాయి. ఎత్తాక వెనక్కి లాగండి. గరగరమనదు, అటూ ఇటూ ఊగదు, వెన్న రాసినట్టు జారుతుంది. ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బరువుని సుమారు 2 నుంచి 4 పౌండ్ల మధ్య ఎక్కడ కావాలంటే అక్కడ సెట్ చేసుకోవచ్చు, సాగదు, అనుకున్న బరువు పడగానే టక్కున వదిలేస్తుంది. బ్యారెల్ ఫిన్లండ్‌లోని రీహిమాకిలో, సాకో రైఫిళ్లు తయారయ్యే ఫ్యాక్టరీలోనే తయారవుతుంది, 100 గజాల దగ్గర మూడు తూటాలు ఒక అంగుళం లోపల పడతాయని కంపెనీయే హామీ ఇస్తోంది. హామీ రైఫిల్‌కి మాత్రమే, మనకి కాదు. మనవి మొదట్లో నాలుగంగుళాల్లో పడితే కంగారు పడి రైఫిల్ వాపస్ తేకండి, రెండు డబ్బాల తూటాలు ఖర్చయ్యేదాకా ఆగండి.

లోపాల్లేవా అంటే ఉన్నాయి. తూటాలు నింపే మ్యాగజైన్ ప్లాస్టిక్‌ది, ఇంకోటి కావాలంటే దాని ధర విని నోరెళ్లబెడతారు. అన్ని కాలిబర్లకూ (తూటా సైజులకూ) ఒకటే పొడవు యాక్షన్, అంటే బోల్ట్ కదిలే భాగం, వాడతారు కాబట్టి .308 లాంటి పొట్టి తూటాకి ఆ పొడవు నిజానికి అనవసరం. అన్నిటికంటే ముఖ్యమైనది, లైట్ మోడల్ బ్యారెల్ సన్నగా ఉంటుంది, అడవిలో మోయడానికి హాయి, కానీ రేంజ్‌లో వెంటవెంటనే పేలిస్తే వేడెక్కిపోయి తూటాలు చెదరడం మొదలవుతాయి. మూడు పేల్చి, బోల్ట్ తెరిచి పెట్టి, ఐదు నిమిషాలు కబుర్లు చెప్పుకోవడమే దానికి మందు. అంత ఓపిక లేదు, నాకు వేట కంటే గురే ఎక్కువ ఇష్టం అనేవాళ్లు అదే కుటుంబంలో సీటీఆర్ అనే మోడల్ చూడండి, బ్యారెల్ మందం, స్టీల్ మ్యాగజైన్‌లో పది రౌండ్లు పడతాయి, బరువు మాత్రం చెట్టు మీది స్టాండ్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ ఎన్‌సీసీ బ్యాచ్ గురించి చెప్పాలి. నలభై దాటినవాళ్లలో చాలామంది కౌంటర్ దగ్గర నిలబడి "మేము త్రీ నాట్ త్రీ పట్టుకున్నవాళ్లం అన్నా" అంటారు, ఆ మాటతో మొహం వెలిగిపోతుంది. ఆ త్రీ నాట్ త్రీ, అంటే లీ ఎన్‌ఫీల్డ్‌లో, బోల్ట్ మూసేటప్పుడు స్ప్రింగ్ బిగుస్తుంది, అందుకే చివర్లో గట్టిగా తోయాలి. ఇప్పటి రైఫిళ్లన్నీ మౌజర్ 98 అనే పాత జర్మన్ రైఫిల్ దారిలో నడిచేవి, పిడి ఎత్తేటప్పుడే బిగుస్తాయి, మూసేటప్పుడు తేలిక. వేళ్లకి పాత అలవాటున్నవాళ్లు దీన్ని కూడా గట్టిగా తోసేసి "ఏంటిది ఇంత లూజుగా ఉంది" అంటారు. లూజు కాదు, అది అంతే.

గోడ మీద మిగిలేవి ఇంకొన్ని ఉన్నాయి. 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70 ఉంచుతున్నాను, అది అమ్ముడైనా కాకపోయినా ఉండాల్సిందే. దాని బోల్ట్‌కి పక్కన పొడుగాటి పట్టీ ఉంటుంది, మ్యాగజైన్ నుంచి తూటా బయటికి రాగానే అంచు పట్టుకుని చాంబర్ దాకా తీసుకెళ్తుంది, రైఫిల్ ఏ కోణంలో ఉన్నా తూటా జారిపడదు. 1964లో ఖర్చు తగ్గించడానికి ఆ పద్ధతి మానేశారు, అందుకే ఇప్పటికీ అంతకు ముందు తయారైన వాటికి వేరే ధర. 1990ల్లో మళ్లీ తెచ్చారు, ఇప్పుడొచ్చేవాటిలోనూ అదే ఉంది. చెక్క స్టాక్ వాసన అంటే పడి చచ్చేవాళ్లకి నేను టిక్కా పేరే ఎత్తను. బడ్జెట్ తక్కువైతే రూగర్ అమెరికన్, చూడ్డానికి ఏమంత బాగోదు, పని మాత్రం చేస్తుంది. శావేజ్ 110 కూడా ఉంటుంది, దాని బ్యారెల్‌ని ఒక నట్టుతో బిగిస్తారు కాబట్టి తర్వాతెప్పుడైనా బ్యారెల్ మార్చుకోవాలనుకునే చేతిపని పిచ్చోళ్లకి అదే సుఖం. రెమింగ్టన్ 700 కొత్తవి ఆర్డర్ మీదే తెప్పిస్తాను. 1962 నుంచి ఉన్న డిజైన్ కావడంతో దానికి దొరికినన్ని విడిభాగాలు ఇంక దేనికీ దొరకవు, కాకపోతే అవన్నీ కొనుక్కుంటూ పోతే చివరికి రెండు రైఫిళ్ల ఖర్చవుతుంది.

కాలిబర్ దగ్గర గొడవలు ఎక్కువ. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా భుజానికి .308 కంటే తక్కువ కొడుతుంది, దూరం పెరిగేకొద్దీ గాలికి తక్కువ పక్కకి పోతుంది, 500 గజాల పైన కాగితం చిల్లులు పొడవడమే మీ సరదా అయితే అదే తీసుకోండి, నాతో వాదించకండి. కానీ మన కస్టమర్లు వేటాడేది ఎక్కడ? హిల్ కంట్రీలో ఎవరిదో లీజ్ భూమిలో, మొక్కజొన్న చల్లే ఫీడర్‌కి వంద గజాల దూరంలో ఉన్న, వేటగాళ్లు దాక్కునే డబ్బా గదిలో కూర్చుని. అక్కడి జింకలు పెద్దవి కావు, .308 చాలు, తూటాలు ఏ చిన్న ఊరి హార్డ్‌వేర్ షాపులో అడిగినా దొరుకుతాయి. 100 గజాలకి గురి కట్టుకుంటే (ఆ దూరంలో సరిగ్గా తగిలేలా స్కోప్ సరిచేసుకుంటే) తూటా 200 దగ్గర సుమారు నాలుగంగుళాలు కిందికి పడుతుంది, 300 దగ్గర అడుగు పైనే. అంతకు మించి కాల్చాలని మొదటి సీజన్‌లో దయచేసి అనుకోకండి. .300 విన్ మాగ్ అనే మాగ్నమ్ తూటా అడిగేవాళ్లకి ఒకటే చెప్తాను, భుజం వాచిపోతుంది, రెండోసారి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకుంటారు, ఆ అలవాటు పోగొట్టడం నా వల్ల కాదు.

తూటాల విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. రేంజ్‌కి కొన్న మ్యాచ్ తూటాలతో వేటకి వెళ్లొద్దు, అవి కాగితం కోసం చేసినవి, జింక ఒంట్లో ఎలా పనిచేస్తాయో నమ్మకం లేదు. వేటకి వేరే డబ్బా కొని, దానితో మళ్లీ గురి సరిచూసుకోవాలి. రెండూ ఒకే చోట పడతాయని అనుకోవద్దు.

కాగితాల సంగతి. ఇది ప్రతి వారం ఎవరో ఒకరితో ఇబ్బంది పెట్టే మాట. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు, సిటిజన్లు తుపాకీ కొనేటప్పుడు ఇచ్చే 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయితే తీసుకెళ్లొచ్చు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడమూ కుదరదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, మనవాళ్లు ఎక్కువగా వాడేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. అది, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) నంబర్, అడ్రస్ ఉన్న ఐడీ, మూడూ తెండి. లైసెన్స్ గడువు అయిపోయిందా, నేను రైఫిల్ చేతికివ్వను, ఎంత దగ్గరివాళ్లయినా సరే. "నా ఫ్రెండ్‌కి గ్రీన్‌కార్డ్ ఉంది, వాడి పేరు మీద కొని నేను డబ్బులిస్తా" అనే ఐడియా కౌంటర్ దగ్గర పైకి కూడా అనకండి. అది నేరం, విన్నాక నేను అమ్మలేను. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సస్‌లో వేటకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా కావాలి, పదిహేడేళ్లు నిండితే ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు, అక్టోబర్ ఆఖరి వారం దాకా ఆగి టెన్షన్ పడకండి.

షాపులో మారేవి రెండు. స్కోప్ బిగించడం ఇంతకు ముందులాగే మా దగ్గర కొన్నవాటికి ఉచితం, ఆన్‌లైన్‌లో కొని తెచ్చిన స్కోపులకి మాత్రం ఇకనుంచి డబ్బులు తీసుకుంటాను, టార్క్ రెంచ్ పట్టుకుని గంట కూర్చునేది నేనే కదా. రెండోది, అక్టోబర్‌లో శనివారం ఉదయాలు షాపు మధ్యాహ్నం దాకా తెరవం, ఆ టైములో కొత్త కస్టమర్లతో రేంజ్‌లో ఉంటాను. గురి కట్టుకోవాలనుకునేవాళ్లు ముందు రోజు మెసేజ్ పెట్టండి, చెవులకి మఫ్స్, వేటకి వాడబోయే తూటాలు ఒక డబ్బా మీరే తెచ్చుకోవాలి, టార్గెట్ కాగితాలు నేను తెస్తాను.