పొన్న మొలక నాటేముందు దాని పుట్టుక చూడండి

సంపాదకుడు గారికి,

ఏటా జూలై 26న మడ అడవుల దినం జరుపుకుంటాం. ఆ రోజున కాకినాడ నుంచి కోరంగికి విద్యార్థులను తీసుకెళ్లి బురదలో మొలకలు నాటించిన వృక్షశాస్త్ర అధ్యాపకుల్లో నేనూ ఒకణ్ణి. ఎన్ని నాటామో లెక్క రాసుకునేవాళ్లం. ఏ చెట్టు కింద ఏరుకొచ్చామో మాత్రం ఒక్క ఏడూ రాసుకోలేదు. ఆ పొరపాటు ఇప్పుడు పెద్ద ఎత్తున జరగకూడదనే ఈ ఉత్తరం.

2023లో కేంద్రం ప్రకటించిన మిష్టీ పథకం కింద దేశమంతటా 540 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవులను పునరుద్ధరించాలన్నది లక్ష్యం. మన రాష్ట్రమూ అందులో ఉంది. 2021 అటవీ నివేదిక లెక్కన మనకున్నది 405 చదరపు కిలోమీటర్లే కాబట్టి నాటాల్సిందే, సందేహం లేదు. నా ఆందోళన నాటే మొలక గురించి.

తమిళనాడులో చిదంబరం పక్కన పిచ్చావరం ఉంది. ఒకసారి పిల్లలతో అక్కడి కాలువల్లో పడవ మీద తిరిగాను. అక్కడ మడ అడవుల్లో పెరిగే రెండు రకాల పొన్న చెట్ల మధ్య మూడో రకం చెట్టు ఒకటి కనిపిస్తుంది. ఒక పొన్న, ఎపిక్యులేటా, కాడకు రెండే పూలు పూస్తుంది, రేకులకు నూగు ఉండదు. రెండోది మ్యూక్రొనేటా. దాని ఆకు వెడల్పు, పూలు గుత్తులు గుత్తులు, రేకుల అంచున తెల్లని నూగు. మూడో చెట్టు లక్షణాలు ఈ రెంటికీ మధ్యన ఉంటాయి. మొదట దాన్ని లామార్కీ అనే సంకరం, అంటే రెండు జాతులు కలిసి పుట్టిన చెట్టు, అనుకున్నారు. కానీ లామార్కీకి తల్లిదండ్రుల్లో ఒకటైన స్టైలోసా అనే మరో పొన్న పిచ్చావరంలో లేనే లేదు. 1995లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన కతిరేశన్ గారు దాన్ని కొత్త జాతిగా వర్ణించి అన్నామలయానా అని పేరు పెట్టారు. 1997లో చెన్నైలోని స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ మార్కర్లతో పరీక్షించాక అసలు సంగతి తేలింది. అది ఎపిక్యులేటా, మ్యూక్రొనేటా కలిసి పుట్టిన సంకరం.

మనుషుల్లోనే మేనమామ పోలికా, నాన్న పోలికా అని ఇంట్లో వాదులాడుకుంటాం. చెట్ల విషయంలో ఆకు, పూవు చూసి చెప్పడం మరీ కష్టం, ఎందుకంటే ఉప్పు, నీడ, బురద లోతు కూడా రూపాన్ని మారుస్తాయి. డీఎన్‌ఏ ముక్కలు అలా మారవు. ఒక జాతిలోనే ఉండే గుర్తులు, రెండో జాతిలోనే ఉండే గుర్తులు ఒకే చెట్టులో కలిసి కనబడితే ఆ చెట్టు సంకరమే. ఆకు పచ్చదనాన్నిచ్చే హరితరేణువుల డీఎన్‌ఏ ఈ చెట్లలో తల్లి నుంచే వస్తుంది కాబట్టి, తల్లి ఏ జాతిదో కూడా పట్టుకోవచ్చు.

ఇది ప్రయోగశాల ముచ్చట మాత్రమే అనుకోకండి. పిచ్చావరం సంకరంలో పుప్పొడి చాలావరకు పనికిరాదు, కాయ కట్టడం అరుదు. ఆసియా తీరాల్లో పరీక్షించిన పొన్న సంకరాల్లో ఎక్కువ భాగం మొదటి తరానివే, అంటే వాటికి పుట్టిన పిల్ల చెట్లు దాదాపు కనబడవు. చెట్టు మాత్రం ఏపుగా పెరుగుతుంది. పొన్న గింజ కొమ్మ మీదే మొలకెత్తి, ఈటెలా వేలాడి, రాలి బురదలో నాటుకుంటుంది. రెండు జాతులూ కలిసి పెరిగే చోట ఒక తల్లి చెట్టు కింద ఏరిన మొలకల్లో ఎన్నింటికి తండ్రి పక్క జాతి చెట్టో కంటితో చెప్పలేం. అలాంటివి వరుసగా నాటితే పదేళ్లకు పచ్చగా కనిపిస్తుంది, ఫొటో బాగుంటుంది, కానీ దాని కింద కొత్త మొలక పడదు. ఒక తుఫాను వస్తే ఆ ఖాళీ పూడదు. కోరంగిలో ఈ రెండు పొన్నలూ ఉన్నాయి. మన వాళ్లు రెంటినీ పొన్న అనే పిలుస్తారు.

అలాగని సంకరాలను నరికేయమని నేననను. అది ప్రకృతి తనంతట తాను చేసుకున్న పని. బ్రుగీరా హైనెసీ అనే మరో మడ చెట్టు ప్రపంచంలో రెండొందల పైచిలుకే మిగిలిందని, అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉందని జాబితాకెక్కించారు. 2016లో డీఎన్‌ఏ చూస్తే అది సిలిండ్రికా, జిమ్నోరైజా అనే రెండు బ్రుగీరాల సంకరమని తేలింది. అలాంటి చెట్టు నిలవాలంటే దాని తల్లిదండ్రులిద్దరూ పక్కపక్కనే బతికుండాలి. ఏ చెట్టు ఏదో తెలియకుండా దేన్ని కాపాడాలో తెలియదు.

అటవీ శాఖకు నా విన్నపం ఇది. మొలకలు సేకరించే ప్రతి తల్లి చెట్టుకూ ఒక నంబరు, స్థలం రాసిపెట్టండి. ఒక పాయలోని మొలకలను మరో నది ముఖద్వారానికి లారీల్లో తరలించే ముందు, ఆ చెట్ల నుంచి, నర్సరీ సంచుల నుంచి కొన్ని ఆకులు తీసి పరీక్షకు పంపండి. తేమను పీల్చే సిలికా జెల్ గుళికల్లో ఎండబెట్టిన ఆకు ముక్క చాలు, చెట్టుకు నొప్పి ఉండదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో అంతరించిపోయే జీవుల కోసం ప్రత్యేక ప్రయోగశాల ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఆకులు సేకరించే పనిలో కోరంగి పడవవాళ్లనూ మా కళాశాలల పిల్లలనూ కలుపుకోండి. వచ్చే జూలైలో మొక్కల సంఖ్య చెప్పే బోర్డు మీదే వాటి తల్లి చెట్ల నంబర్లూ రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ