ఉత్తరాంధ్రకు ఒక వైరాలజిస్టు కావాలి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరంలో నేను అడుగుతున్నది ఒకే ఒక్క ఉద్యోగం. నాకు కాదు, నేను రిటైరైపోయాను. గరివిడి పశువైద్య కళాశాలకూ శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలకూ ఉమ్మడిగా ఒక వైరాలజిస్టు (వైరస్‌లను పరీక్షించే శాస్త్రవేత్త) పోస్టు ఇప్పించండి. పర్మినెంటు పోస్టు. కొత్త బిల్డింగు అడగడం లేదు, శంకుస్థాపన అడగడం లేదు. వినడానికి ఇది చిన్న విషయమే. ఫైలు నడిపేవాళ్లకు మాత్రం పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఆ మనిషి ఏ శాఖ మనిషో ఎవరూ తేల్చలేరు.

ఆ తలనొప్పి నాకు బాగా తెలుసు. మాది వంశధార ఒడ్డున ఒక పల్లె. తిరుపతిలో పశువైద్యం చదివి, ఉత్తరాదిలో పీహెచ్‌డీ చేశాను. మొదట గొర్రెలు, మేకల వైరస్‌ల మీద, తర్వాత పిల్లలకొచ్చే మెదడువాపు వైరస్‌ల మీద పనిచేశాను. వైద్యుల మీటింగుకి వెళితే "పశువుల డాక్టరమ్మ" అనేవారు. పశువైద్యుల మీటింగుకి వెళితే "ఈవిడ ఇప్పుడు మనుషుల వైపు వెళ్లిపోయింది" అనేవారు. వైరస్‌కి ఈ పట్టింపు ఏమీ ఉండదు.

ఒకసారి జపనీస్ మెదడువాపు సర్వే కోసం మన వైపు పల్లెలకే వచ్చాను. పందికి రక్తం తియ్యడం మీరు చూసే ఉంటారు. పై దవడకు తాడు ఉచ్చు బిగించి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. అది చెవులు చిల్లులు పడేలా అరుస్తూ వెనక్కి గుంజుకుంటుంది. అలా గుంజుకున్నప్పుడే తల పైకి లేచి, మెడ కింద గాడి కనిపిస్తుంది. సూది అక్కడ దించాలి. తీసిన రక్తాన్ని ట్యూబులో కాసేపు కదపకుండా ఉంచితే గడ్డకట్టి, పైన పసుపురంగు సీరం తేలుతుంది. దాన్ని వేరే ట్యూబులోకి తీసి, నంబరు రాసి, ఐస్ ప్యాకుల మధ్య థర్మకోల్ పెట్టెలో పెట్టాలి. ఇదంతా చూస్తూ కూర్చున్న పందుల యజమాని ఒక పెద్దాయన అన్నాడు: "ఏటమ్మా, పందికి రగతం తీత్తన్నావు, మా గుంటడికి జొరమొత్తే ఎవులు తీత్తారు?"

నా ఉద్యోగం పందుల దగ్గరే ఆగిపోతుందని ఆయనకు చెప్పలేక ఏదో సర్దిచెప్పాను. నిజానికి ఆయన అడిగింది శాస్త్రం ప్రకారం సరైన ప్రశ్నే. ఈ వైరస్ కొంగల్లో ఉంటుంది, పందిలో బాగా పెరుగుతుంది, వరిమడి నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని పిల్లల దాకా మోసుకొస్తుంది. పందికి పైకి ఏమీ కనిపించదు, చూడి పందులకు పిల్లలు చచ్చిపుట్టడం తప్ప. అంటే పిల్లలకు జ్వరాలు మొదలవకముందే పంది రక్తం కబురు చెబుతుంది. కానీ పంది మీ శాఖది, దోమ మలేరియా వాళ్లది, పిల్లాడు ఆస్పత్రి వాళ్లవాడు. ముగ్గురి కాగితాలూ ఒక టేబుల్ మీదకి రావు.

అలా రాకపోతే ఏమవుతుందో మలేషియా 1998, 99లో చూసింది. పందుల ఫారాల్లో పనిచేసేవాళ్లకు మెదడువాపు మొదలైంది. పందులున్నాయి, మెదడువాపు ఉంది, కాబట్టి జపనీస్ మెదడువాపే అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. జబ్బు ఆగలేదు. టీకా వేసుకున్నవాళ్లూ పడిపోయారు. పైగా పడిపోతున్నది ఎక్కువగా పిల్లలు కాదు, పందుల్ని చేత్తో పట్టుకునే పెద్దవాళ్లు. అప్పుడు మలయా విశ్వవిద్యాలయంలో ఛువా కా బింగ్ అనే వైరాలజిస్టు ఒక రోగి వెన్నునీటిని ల్యాబులో పెంచిన కణాల మీద వేసి పెంచాడు. ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద ముద్దలైపోయాయి. ఇది తెలిసిన వైరస్ తీరు కాదని ఆయనకు అర్థమైంది. నమూనాలు పట్టుకుని అమెరికా వెళ్లి చూపిస్తే కొత్త వైరస్ అని తేలింది. అదే నిఫా. మొత్తం మీద వంద మందికి పైగా చనిపోయారు, పది లక్షల దాకా పందుల్ని చంపాల్సి వచ్చింది. మందు కొట్టిన సిబ్బంది తప్పు ఏమీ లేదు, వాళ్లకు చెప్పింది వాళ్లు చేశారు. పందినీ మనిషినీ కలిపి చూసే కన్ను ముందునుంచే అక్కడ ఉండి ఉంటే ఇంత ఆలస్యం కాకపోయేది.

మన దేశంలో అలాంటి కన్ను లేకపోలేదు. 1957లో కర్ణాటక క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపోతుంటే, పూణే వైరస్ పరిశోధన కేంద్రం వాళ్లు కోతుల్నీ, మనుషుల్నీ, పిడుదుల్నీ కలిపే చూశారు. క్యాసనూరు అడవి జ్వరం అలాగే బయటపడింది. ఆ కేంద్రం మొదలై అప్పటికి ఐదేళ్లే.

కొత్త మిషన్ తెప్పిస్తే సరిపోతుంది కదా అని మీ అధికారులు అనవచ్చు. సరిపోదు. ఈ వృత్తిలో పని ఎప్పటికి పండుతుందో ముందే తెలియదు. 1980ల మొదట్లో కోలార్ దగ్గర మెదడువాపు వచ్చినప్పుడు వేరుచేసిన వైరస్‌ని పూణేలో జాగ్రత్తగా దాచారు. దానితో తయారైన స్వదేశీ టీకా 2013లో మార్కెట్‌లోకి వచ్చింది. ఆవులకు ఒంటినిండా గడ్డలొచ్చే లంపీ స్కిన్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 2019లో అది మన పక్కనే ఒడిశాలో తొలిసారి కనబడింది. అదే ఏడాది రాంచీ ఆవుల నుంచి తీసిన వైరస్‌ని హిస్సార్ శాస్త్రవేత్తలు కణాల మీద మళ్లీ మళ్లీ పెంచి బలహీనపరిచారు. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ఆవులు కుప్పలుగా చచ్చిపోతున్నప్పుడు స్వదేశీ టీకా సిద్ధమైందని ప్రకటించగలిగారంటే, మూడేళ్ల ముందు ఎవరో ఆ కణాలకు పండగ సెలవుల్లో కూడా మేత మార్చారు కాబట్టే. కణాలకు ఆదివారం ఉండదండీ. సమయానికి చూసుకోకపోతే చచ్చిపోతాయి.

పదకొండు నెలల కాంట్రాక్టు మీద వచ్చిన పిల్ల ఈ పని చెయ్యలేదు. తెలివి లేక కాదు, తొమ్మిదో నెల నుంచే తర్వాతి ఉద్యోగం టెన్షన్ మొదలవుతుంది కాబట్టి. నేను పనిచేసిన ఒక సంస్థలో ప్రాజెక్టు గడువు ముగిసింది, ఫ్రీజర్‌లో మా సీరం ట్యూబులు మిగిలిపోయాయి. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌కి కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలలేదు. కొన్నాళ్లకు "యజమాని లేని నమూనాలు" అని ఒక కాగితం రాసి, ఆటోక్లేవ్‌లో వేసి చంపేశారు. అందులో మన పల్లెల పందుల రక్తమూ ఉంది. కొత్త వైరస్ ఏదైనా బయటపడితే, ఇది ఇక్కడ ముందునుంచీ ఉందా, కొత్తగా వచ్చిందా అని అడిగేది ఆ పాత ట్యూబులనే.

మన దగ్గర చూడాల్సినవి తక్కువేం కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చిల్లుముక్కు కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. 2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు వందకు పైగా చచ్చిపడ్డాయి. అలా పక్షులు రాలితే ముందు అందరి నోటా వచ్చేది బర్డ్ ఫ్లూ మాటే. చివరికి పొట్టలో నట్టలనే పురుగులని తేలింది. నట్టలైతే ఊపిరి పీల్చుకోవచ్చు, వైరస్ అయితే ఆ గంటే కోళ్లఫారాలు మూయించాలి. ఆ తేడా ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు పక్షుల నమూనాలు భోపాల్ పశువ్యాధుల ల్యాబుకి వెళ్లాయి. తర్వాతి నెల పల్నాడులో అదే హెచ్5ఎన్1తో రెండేళ్ల పాప చనిపోతే, ఆ నిర్ధారణ పూణే నుంచి వచ్చింది. ఒకే వైరస్, రెండు మంత్రిత్వ శాఖలు, రెండు ఊళ్లు.

నిఫా లాంటివాటిని గరివిడిలో పెంచమని నేను అనడం లేదు. అవి పూణే, భోపాల్ చెయ్యాల్సిన పనులే. ఇక్కడి మనిషి చేసే పని వేరు. వారంలో నాలుగు రోజులు గరివిడిలో పాఠం చెబుతూ పశువుల, పక్షుల నమూనాలు చూడాలి. రెండు రోజులు శ్రీకాకుళంలో కారణం తెలియని జ్వరాల పిల్లల కేస్ షీట్లు చదవాలి. ఒక ఫ్రీజర్, దానికి జనరేటర్, ఒక రిజిస్టర్ ఉండాలి. జనరేటర్ ఎందుకో తిత్లీ తుఫాను తర్వాత కరెంటు లేకుండా గడిపిన ఉద్దానం వాళ్లను అడిగితే చెబుతారు. జీతం మీ శాఖ ఇవ్వాలి, కిట్లూ పరీక్షల రసాయనాలూ వైద్య శాఖ కొనాలి. ఆ మనిషిని ఇరవై ఏళ్లు కదపకూడదు.

అంత చదివినవాళ్లు గరివిడి ఎవరొస్తారు అంటారేమో. మన జిల్లాల పిల్లలు ఎందరో హైదరాబాద్ టీకా కంపెనీల్లో నైట్ షిఫ్టులు చేస్తున్నారు. ఇంటికి దగ్గరగా సొంత పరిశోధన అంటే రెక్కలు కట్టుకుని వస్తారు. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఏళ్ల తరబడి మొత్తుకుంటే, పలాసలో పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. అక్కడి కుటుంబాలు ఆ ఆలస్యానికి ఏం చెల్లించుకున్నాయో మీరు దగ్గరుండి చూసినవారు.

పోస్టు మంజూరుకి ఆర్థిక శాఖ అనుమతి, రెండు విశ్వవిద్యాలయాల అంగీకారం కావాలి. మొదటి సంతకం మీదే. తేలినీలాపురంలో వలస పక్షులు సెప్టెంబరులో దిగుతాయి. ఆలోగా నియామకం అయితే ఈ చలికాలం నమూనాలు చేజారవు. కావాలంటే ఉద్యోగ నిబంధనల ముసాయిదా నేనే రాసి పంపుతాను, దానికి ఫీజు అక్కర్లేదు.

ఇట్లు,
సిక్కోలు వైరాలజిస్టు ఒకరు, రిటైర్డ్